గిద్దలూరు రోడ్డులో ఒక మైలు

తిరిగొచ్చిన నాటి నుంచీ బెజవాడలో ఎదురైన ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న. "ఏం మేస్టారూ, నాలుగు నిమిషాలేనా?" ఆ ఊళ్ళు ఎలా ఉన్నాయి, ఏం తిన్నారు, మనుషులెలాంటివాళ్ళు అని ఒక్కడూ అడగడు. అందరికీ అంకె కావాలి. అంకె చెప్పేస్తే ఇక నాతో పనిలేదు. అందుకని నోటితో చెప్పడం మానేసి ఇది రాస్తున్నాను. అంకె కావలసినవాళ్ళు వెతుక్కోండి, మధ్యలో ఎక్కడో ఉంది.

నేను హైస్కూల్లో డ్రిల్లు మేస్టర్ని. పరుగు పందేల లెక్కలు నాకున్న ఒకే ఒక్క పిచ్చి. నా స్టాపు వాచీ సెకనును అయిదు ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్లో ఒక్కటి కూడా నేను ఎవరికీ ధర్మం చెయ్యను.

మైలు పరుగు కథ తెలియనివాళ్ళకి రెండు మాటలు. మా తాతల కాలంలో ఒక ఇంగ్లీషువాడు నాలుగు నిమిషాల పన్నెండు సెకన్ల చిల్లరలో మైలు పరిగెత్తాడు. ఇంతకు మించి మానవమాత్రుడి వల్ల కాదని పెద్దలు తేల్చేశారు. ముప్పయ్యేళ్ళ దాకా ఎవరి వల్లా కాలేదు కూడా. తరవాత ఒక అమెరికావాడు వెంట్రుకవాసి తగ్గించాడు. ఫిన్లాండువాడు ఇంకాస్త తగ్గించాడు. ఆపైన ఫ్రాన్సువాడు, న్యూజిలాండువాడు. గోడ కూలిన ప్రతిసారీ పెద్దలు దాన్ని నాలుగడుగులు వెనక్కి జరిపి, ఇదే అసలు గోడ అన్నారు. ఇప్పుడు లోకమంతా తగలబడుతుంటే, యుద్ధంలో దిగని స్వీడన్ దేశంలో ఇద్దరు ఒకరి లెక్క ఒకరు కొట్టేసుకుంటూ నాలుగు నిమిషాల గుమ్మం దాకా వచ్చారు. గుమ్మం దాటితే గుండె పగిలి చస్తారని చెప్పే డాక్టర్లున్నారు. వాళ్ళలో ఒక్కడైనా బస్సు వెంట పరిగెత్తినవాడు కాడని నా నమ్మకం.

ఇలా ఉండగా మా ఊరి పత్రికలో ఒక మూల రెండు వాక్యాలు పడ్డాయి. కర్నూలు జిల్లా గిద్దలూరు దగ్గర ఒక టపా రన్నరు మైలు దూరాన్ని నాలుగు నిమిషాల్లో పరిగెత్తుతున్నాడట. పంపినవారు ఆ ఊరి పంచాయతీ ప్రెసిడెంటు గారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని స్టాఫు రూములో నవ్వాను. అయితే వెళ్ళి చూసి రారాదా అన్నారు హెడ్మాస్టరు. ఎండాకాలం సెలవులు కాదు, రైళ్ళలో చోటు లేదు, అయినా పంతం నాది. గడియారం జేబులో వేసుకుని బయలుదేరాను.

మార్కాపురం

స్టేషను పేరు మార్కాపురం రోడ్డు. పేరు చివర రోడ్డు అని తగిలించారంటే ఊరు అక్కడ లేదని అర్థం. జట్కా ఎక్కి ఒళ్ళు హూనం చేసుకుంటే ఊరొస్తుంది.

ఆ ఊరి గాలిలోనే పలకల పొడి ఉంది. ఎక్కడ చూసినా పలకలు కోసేవాళ్ళు, నూరేవాళ్ళు, చట్రాలు బిగించేవాళ్ళు. దేశంలో పిల్లలందరూ దిద్దే పలక ఇక్కడిదేనని హోటలాయన గర్వంగా చెప్పాడు. దిద్దేవాళ్ళ సంగతి అలా ఉంచి, ఈ ఊళ్ళో బడి వేళకి వీధిలో పలకలు మోస్తున్న పిల్లల్ని లెక్కపెట్టలేకపోయాను. అది ఆయనతో అంటే, మోసేది కూడా చదువేగదా సారూ అన్నాడు.

ఇడ్లీ తిని రూపాయి ఇచ్చాను. యుద్ధం పుణ్యమా అని చిల్లర ఎక్కడా లేదు. మా బెజవాడలో అయితే చిల్లర బదులు తపాలా బిళ్ళ చేతిలో పెడతారు, కనీసం ఉత్తరానికైనా పనికొస్తుంది. ఈ మహానుభావుడు గుప్పెడు బలపాలు పెట్టాడు. ఇవేం చేసుకోను అంటే, అయ్యవారు కదా, మీకు పనికిరాకపోతే ఇంకెవరికి పనికొస్తాయన్నాడు. అలా జేబులో గడియారానికి తోడు బలపాలు చేరాయి.

రన్నరు సంగతి ఆయనకు తెలుసు. "నాలుగు నిమిషాలని ఎవురు రాసినారో గాని సారూ, మూడు ముప్పావులో పోతాడు" అన్నాడు. నువ్వు చూశావా అంటే చూసినవాడి బావమరిది చెప్పాడట.

కంభం

కంభంలో చెరువు చూడమని అందరూ చెప్పారు. చూశాను. కృష్ణ ఒడ్డున పుట్టినవాడికి నీళ్ళు చూపించి మురిసిపోవడం వీళ్ళ అమాయకత్వం అనుకుంటూ వెళ్ళానుగానీ, కొండల మధ్య ఆ నీళ్ళు చూశాక నోరు మూసుకున్నాను. ఈ ప్రయాణంలో నేను నోరు మూసుకున్నది తక్కువ కాబట్టి రాస్తున్నాను.

భోజనం మాత్రం చెప్పుకోవాలి. సన్నబియ్యం యుద్ధానికి పోయాయో, ఇక్కడ ముందే లేవో తెలియదు. కొర్రన్నం పెట్టారు, పక్కన గోంగూర, ఉల్లికారం. మొదటి ముద్దకి కళ్ళలో నీళ్ళు, రెండో ముద్దకి ముక్కులో నీళ్ళు. వడ్డించిన పెద్దమ్మ, "ఏంది నాయనా, కృష్ణాజిల్లావాళ్ళు కారం తినరా?" అని మజ్జిగ పోసింది. నేను కారం తినే ఊరివాణ్ణేనని, ఇది కారం కాదు కొరివి అని చెప్పాను. ఆవిడ దాన్ని పొగడ్త అనుకుంది. ఆ పీట మీదే పక్కన కూర్చుని తింటున్న సాయిబు, తాను రన్నరును కళ్ళారా చూశానని, మైలు మూడున్నరలో పోతాడని చెప్పాడు.

గిద్దలూరు చేరేసరికి అది మూడుకు దిగింది. స్టేషను బయట సోడా అమ్మేవాడు ఒట్టేసి మరీ చెప్పాడు. ఇంకో రెండు ఊళ్ళు మధ్యలో ఉండి ఉంటే ఆ రన్నరు బయలుదేరక ముందే చేరేవాడు. ప్రపంచంలో పరుగుల చరిత్ర రాసే పండితులు స్వీడన్ దాకా పోవడం దండగ. సెకన్లు తగ్గించడం ఎలాగో ఈ రైలు మార్గం వెంట వస్తే నేర్చుకుంటారు, కాలు కదపనక్కరలేదు.

ప్రెసిడెంటు గారి పందిరి

గిద్దలూరు నుంచి పోరుమామిళ్ళ వైపు పోయే రోడ్డులో ఉంది ఆ పల్లె. బొగ్గు బస్సు మీద వెళ్ళాలి. పెట్రోలు లేదు గనక బస్సు వెనక ఒక పొయ్యి కట్టి, బొగ్గు రాజేసి, ఆ పొగతో నడుపుతారు. ఎత్తు వచ్చినప్పుడల్లా మమ్మల్ని దిగమన్నారు. టిక్కెట్టు కొని నడవడం కూడా ఈ యుద్ధంలోనే నేర్చుకున్నాం.

ప్రెసిడెంటు వెంకటరెడ్డి గారు ఊరి మొదట్లోనే, తన ఇంటి ముందర, పందిరి వేయించి ఉంచారు. సరిగ్గా అక్కడే రోడ్డు పక్కన మైలురాయి. వెనకటి మైలురాయి దగ్గర బయలుదేరి ఈ పందిరి కింద ముగియాలని ఆయన ఏర్పాటు. పూలదండలు సిద్ధం. ఒక పెద్ద మార్కాపురం పలక కూడా ఉంది. దాని మీద ముందుగానే "4 నిమిషములు" అని రాసి, పక్కన సెకన్లకు చోటు వదిలారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ నాలుగు తుడిచేయమన్నాను. ఆయన కష్టపెట్టుకున్నారు.

పరిగెత్తేవాడి పేరు దేవదానం. ముప్పయ్యేళ్ళుంటాయి, సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఊరవతల క్రైస్తవుల వాడలో ఇల్లు. వాళ్ళ నాయన కూడా టపా మోసినవాడే. రోజూ పొద్దున గిద్దలూరు వెళ్ళి టపా సంచి తెచ్చి ఈ రోడ్డు పల్లెల్లో ఇస్తాడు. చేతిలో గజ్జెలు కట్టిన కర్ర. నాకూ ప్రెసిడెంటు గారికీ పందిట్లో గారెలు పెట్టారు. ఎవరి కాళ్ళ కోసం ఈ పందిరి వేశారో అతను బయట ఎండలో నిలబడ్డాడు. మజ్జిగ దోసిట్లో పైనుంచి పోశారు. నాలుగు నిమిషాల గోడ సంగతి తరవాత, ఈ పందిరి గుంజ దాటించడానికే ఎవరికీ చేతకాలేదు.

అతన్ని పక్కకి పిలిచి మాట్లాడాను. నాలుగు నిమిషాల మాట అతనిది కాదు. అతనికి కావలసింది వేరు. వచ్చే నెల నుంచి టపా సంచులు బస్సు మీద వస్తాయి, రన్నరు పని ఉండదు. కర్నూల్లో రిజర్వు పోలీసు దొరకి ఇతని సంగతి ఎవరో చెబితే, అయిదు నిమిషాల లోపు మైలు పరిగెత్తినట్టు తెలిసిన మేస్టరు చేత చీటీ రాయించి తెస్తే ఉద్యోగం ఇస్తానన్నాడట. లేకపోతే ఇక వెంకటరెడ్డి గారి చేలో కూలిపనే.

"అయిదు దాటకుంటే రాసిస్తారు గదా సారూ?" అన్నాడు.

దాటకపోతే రాస్తాను, దాటితే అయిదో వంతు సెకను కూడా తగ్గించను అన్నాను. సరేనన్నాడు. మా పిల్లల్లా బతిమాలలేదు.

మొదటి పరుగు

సాయంత్రం ఎండ తగ్గాక పెట్టాం. అక్కడ గుడ్డ ఊపితే ఇక్కడ నేను గడియారం నొక్కాలి. రోడ్డు బారుగా ఉంది, గుడ్డ కనబడింది, నొక్కాను.

వెక్కిరించడానికి వెళ్ళినవాణ్ణి, ఉన్నమాట చెప్పాలి. ఆ నడకే వేరు. కర్ర భుజాన, గజ్జెలు ఒక తాళంలో మోగుతుంటే, అరికాలు నేలకు తగిలీ తగలనట్టు వస్తున్నాడు. నాలుగు నిమిషాలు కాదుగానీ అయిదుకి చాలా ముందే వచ్చేస్తాడని తేలిపోయింది. చీటీలో ఏం రాయాలో కూడా అనుకున్నాను.

పందిరికి ఓ యాభై గజాలు ఉందనగా, పొలిమేర రాయి దగ్గర, అతను ఆగాడు. ఆగి, నుదురు తుడుచుకుని, గజ్జెలు తీరిగ్గా మోగించుకుంటూ, పెళ్ళికి వచ్చిన మామగారిలా నడిచి వచ్చాడు. నేను పందిట్లోంచి అరుస్తున్నాను, చేతులు ఊపుతున్నాను. ఊరంతా నన్నే వింతగా చూసింది. అతను మైలురాయి చేరేసరికి గడియారంలో అయిదు దాటిపోయింది.

ఏం జబ్బు నీకు అని అడిగాను. ఊరంతా నాకు జబ్బేమో అన్నట్టు నవ్వారు. దేవదానం నిదానంగా చెప్పాడు.

"సావు కబురుకే సారూ ఊర్లోకి పరిగెత్తేది. దాన్ని చేతిలో పెట్టుకొని నడవగూడదు. మిగతా ఏ కబురైనా పొలిమేర కాణ్ణించి నడిచే తేవాల. మా నాయన ఒకసారి వానకు తడుస్తానని పరిగెత్తుకుంటా వచ్చినాడు. ఆ పొద్దు సావు కబురే అనుకొని నాలుగిండ్లల్లో పొయ్యి ఆర్పినారు."

ఇది పందెం కదయ్యా, అందరికీ తెలుసు కదా అన్నాను. తెలుసంట, అయినా కాళ్ళు వాటంతట అవే ఆగాయంట. ప్రపంచంలో ఎందరో పరుగు వీరుల గురించి చదివాను. గుండె చాలనివాడు, ఊపిరి చాలనివాడు, బూట్లు కరిచినవాడు. పొలిమేర రాయి చూసి ఆగినవాడు మాత్రం ఏ పుస్తకంలోనూ లేడు.

రెండో పరుగు, సాలమ్మ

ఆడలేక మద్దెల ఓడు అనే రకం కాదని తెలుసు కాబట్టి ఇంకో అవకాశం ఇచ్చాను. ఊళ్ళోకి రావద్దు, ఊళ్ళోంచి బయటికి పొమ్మన్నాను. అవతలి మైలురాయి పొలాల మధ్య ఉంది, అక్కడ ఇల్లు లేదు, వాకిలి లేదు. ప్రెసిడెంటు గారు ముఖం మాడ్చుకున్నారు. పందిరి వేసింది బయలుదేరడానికా అని ఆయన బాధ. దండలు వాడిపోవడం గురించి కూడా మాట్లాడారు. నేను విననట్టు నటించి, మర్నాడు పొద్దున్నే అవతలి మైలురాయి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఆ గజ్జెల కర్ర బరువు, అది వదిలిపెట్టి రమ్మని ముందే చెప్పాను.

వచ్చాడు. గజ్జెలు లేకపోతే ఇంకా తేలిగ్గా వచ్చాడు. నా ఎదురుగా ఉన్న కొర్ర చేలో ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ తలెత్తి చూసింది. చూసి, చేతిలో కొడవలి వదిలేసి, గట్టు మీదికి వచ్చి, నేల మీద కూలబడి గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది.

దేవదానం రోడ్డు దిగి చేలోకి పోయాడు. మైలురాయి ఇంకా ఎంతో దూరం లేదు. ఆవిడ పక్కన చతికిలబడి ఏదో చెబుతున్నాడు, భుజం తడుతున్నాడు. నేను గడియారం పట్టుకుని రాయి మీద కూర్చున్నాను. అలాంటి పందెం చూడటానికి ఇంత దూరం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆవిడ పేరు సాలమ్మ. దేవదానానికి వరసకు అత్త. ఒక్కగానొక్క కొడుకు యాకోబు మిలిటరీలో చేరి బర్మా వైపు వెళ్ళాడు. చావు కబురు మోసేటప్పుడు గజ్జెలు మోగనివ్వరట. టపా తెచ్చేవాడు గజ్జెలు లేకుండా పరిగెత్తుకొస్తుంటే ఆవిడ ఏమనుకోవాలి? ఏమనుకుందో చూశాను. ఏమీ లేదని తేలాక ఆవిడ నవ్వింది, ఆ తరవాత నా మీద విరుచుకుపడింది.

"బుద్ధుండాల సారూ. మనిషిని గజ్జెల్లేకుండా తోలేది ఏంది? ఇంకొంచేపుంటే నా గుండె ఆగిపోయేది."

నేను డ్రిల్లు మేస్టర్నని, పరుగులో చేతిలో బరువు ఉండకూడదని వివరించబోయాను. పక్కనున్న ఆడవాళ్ళు ఆవిడకే వంత పాడారు. అయిదు నిమిషాల సంగతి అడిగినవాళ్ళు లేరు. దేవదానం మాత్రం తిరిగి వచ్చేటప్పుడు ఒక్క మాట అడిగాడు, ఇప్పుడు చీటీ రాదు కదా అని. రాదన్నాను. తలూపి ఊరి వైపు నడిచాడు.

చాటింపు

వెంకటరెడ్డి గారిని ఇంతసేపూ తిట్టాను కాబట్టి ఇది కూడా రాయాలి. ఈ ప్రయాణం మొత్తంలో నేను మెచ్చుకున్న ఒకే ఒక్క ఆలోచన ఆయనదే. ఊళ్ళో ఏడుపు రాకుండా చేస్తే చాలు గదా అన్నారు. చాటింపు వేయించారు. ఆ ఊళ్ళో, వాడలో, రోడ్డు వెంట ఉన్న పల్లెల్లో తప్పెట మోగింది. ఆ చాటింపు మాటలు నేను బలపంతో పలక మీద రాసుకున్నాను, మరిచిపోతానేమోనని.

"రేపు పొద్దున దేవదానం పరిగెత్తుతాడహో! ఊర్లోకే పరిగెత్తుతాడహో! ఎవురూ సావలేదహో! ఎవురూ ఏడ్వగూడదహో! సప్పట్లు గొట్టాలహో!"

చప్పట్ల ముక్క ప్రెసిడెంటు గారు స్వయంగా చేర్చారు. పందెంలో చప్పట్లు కొడతారని పత్రికలో చదివారట. ఆ పల్లెల్లో పరుగుకి చప్పట్లు కొట్టే అలవాటు లేదు గనక తప్పెట కొట్టినవాడు ప్రతి కూడలిలోనూ కొట్టి చూపించాల్సి వచ్చింది. పిల్లా పెద్దా అభ్యాసం చేశారు. సాలమ్మ ఇంటి ముందు రెండుసార్లు చాటించారు. ఆవిడ చేత మూడుసార్లు చప్పట్లు కొట్టించి చూశారు. మా హైస్కూలు వార్షికోత్సవానికి కూడా ఇంత తయారీ ఉండదు.

దేవదానం ఒప్పుకోవడానికి కొంచెం ఆలోచించాడు. వాళ్ళ నాయన ఉంటే ఒప్పుకోడు అన్నాడు. వాళ్ళ నాయన ఉంటే వచ్చే నెల నుంచి ఆయనకీ పని ఉండదు అన్నాను. అది నిజమేనన్నాడు.

అంకె

జాతరలా ఉంది. చేలల్లో పని ఆపేశారు. బొగ్గు బస్సు కూడా ఆగింది, పొయ్యి సర్దుకుంటున్నామని వంకపెట్టి. రోడ్డుకి రెండు వైపులా జనం.

పొలిమేర రాయి దగ్గర అతని కాళ్ళు తడబడ్డాయి. నేను చూశాను. అప్పుడు అటు పక్క నిలబడ్డ సాలమ్మ చప్పట్లు మొదలుపెట్టింది. ఆవిణ్ణి చూసి అందరూ కొట్టారు. అతను రాయి దాటాడు, ఇళ్ళు దాటాడు, పందిరి గుంజను రాసుకుంటూ పోయి మైలురాయి దాటాడు. పుట్టి బుద్ధెరిగాక అతను తన ఊళ్ళోకి పరిగెత్తి రావడం అదే మొదటిసారి.

నాలుగు నిమిషాల ముప్పయి నాలుగు. ఇదీ మీరడిగిన అంకె. స్వీడన్‌లో వాళ్ళిద్దరూ నిద్ర పోవచ్చు, వాళ్ళకేం ప్రమాదం లేదు. కానీ బూట్లు లేని కాళ్ళు, గుంతల రోడ్డు, పొద్దున తాగిన అంబలి. మా జిల్లా పోటీల్లో నిరుడు గెలిచినవాడు ఇతని వెనక దుమ్ము మింగేవాడు. ప్రెసిడెంటు గారు ముప్పయి నాలుగు పలక మీద వేయడానికి ఇష్టపడక, "4 ని. చిల్లర" అని వేయించారు. తుడిపించి మళ్ళీ రాయించాను.

చీటీ రాసి సంతకం పెట్టి ఇచ్చాను. దేవదానం దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఉద్యోగం వచ్చిందా అని అడిగేవాళ్ళకి ఇక్కడే చెప్పేస్తున్నాను, వచ్చింది. ఇప్పుడు కర్నూల్లో ఉన్నాడని విన్నాను. దండ అతనికి పందిట్లోనే వేశారు, అంటే గుంజ లోపలే. అది కూడా ఒక గోడే, అది కూలిన సంగతి ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

ఆ రోజంతా ఆ ఊళ్ళో నడిచినవాడు లేడు. పిల్లలు పరిగెత్తారు, పెద్దలు పరిగెత్తారు, నీళ్ళ బిందెతో ఒక కోడలు కూడా పరిగెత్తింది. ఎవరు పరిగెత్తితే వాళ్ళకి చప్పట్లు. సాలమ్మ నా దగ్గరికి వచ్చి, తన చేతులు ఎర్రబడ్డాయని చూపించి, దానికేమైనా చీటీ రాసిస్తావా అని ఎగతాళి చేసింది. యాకోబు సెలవులో వస్తే వాణ్ణి కూడా పరిగెత్తిస్తానంది. వాడు దేవదానం కంటే చురుకంట. ఆ వరసలో ఎన్ని నిమిషాలో కూడా చెప్పేదే, నేనే వద్దన్నాను.

బస్సు

మర్నాడు పొద్దున బయలుదేరాను. బొగ్గు రాజుకోవడానికి క్లీనరు పిడి తిప్పుతూనే ఉన్నాడు, నేను పందిరి నీడలో నిలబడ్డాను. పందిరి ఇంకా విప్పలేదు. కలుపుకి పోయే ఆడవాళ్ళు రోడ్డు పక్కన నిలబడి నాతో వేళాకోళం ఆడుతున్నారు. గడియారం తీయి సారూ, మేమూ పరిగెత్తుతాం, మాకూ పోలీసు ఉద్యోగాలిప్పించు అని.

అదిగో వస్తున్నాడు అన్నారు ఎవరో. దూరంగా కల్వర్టు దగ్గర దేవదానం. ఇంకా టపా పని అయిపోలేదు గనక తెల్లారకముందే గిద్దలూరు వెళ్ళి వస్తున్నాడు. పరిగెత్తుతున్నాడు.

చప్పట్లు మొదలయ్యాయి. చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. అతను కల్వర్టు దాటుతుండగా గడియారం నొక్కాను. నిన్నటి పరుగు దీని ముందు నడక. తల కదలడం లేదు, చేతులు ఒంటిని దాటడం లేదు. ఇన్నేళ్ళుగా పిల్లలకి నేను చెబుతూ వచ్చిన పరుగు ఇదేనని, దాన్ని కళ్ళతో చూడటం ఇదే మొదలని నాకు తెలిసింది. చీటీ ఒకరోజు ముందు రాశానే అని కూడా అనుకున్నాను.

గజ్జెల కర్ర చేతిలోనే ఉంది. చప్పుడు లేదు. దగ్గరికి వచ్చాక చూశాను, గజ్జెల్ని పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు.

పొలిమేర రాయి దగ్గర తగ్గుతాడేమో అని చూశాను. తగ్గలేదు. చప్పట్లు పెరిగాయి. బస్సులో కూర్చున్నవాళ్ళు కూడా కిటికీల్లోంచి కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది సాలమ్మ. "సూడండి మా పోలీసును" అని అందరికీ చూపిస్తోంది.

అతను పందిరి దాటలేదు. సరాసరి వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. సంచి దించలేదు. టెలిగ్రాం కాగితం సంచిలో కాక వేరేగా, నేను రాసిచ్చిన చీటీ పెట్టుకున్న జేబులోనే ఉంది.

"ఏందిరా, మళ్లా పందెమా?" అంది సాలమ్మ, చప్పట్లు ఆపకుండా.

"కాదత్తా" అన్నాడు.

ఆవిడ చేతులు ఇంకో రెండుసార్లు కలిశాయి. వెనక ఉన్నవాళ్ళకి మాట వినబడలేదు, వాళ్ళు కొడుతూనే ఉన్నారు.

పొయ్యి రాజుకున్నాక బొగ్గు బస్సును ఆపి ఉంచరు. ఎవరో నన్ను ఎక్కించారు. ఊరు దాటాక కూడా సాలమ్మ ఏడుపు కొంతదూరం వినబడింది. గిద్దలూరు స్టేషనులో టిక్కెట్టుకి డబ్బు తీద్దామని జేబులో చెయ్యి పెడితే, బలపాల మధ్య గడియారం ఇంకా తిరుగుతూనే ఉంది.